పాలు పడవు

ఫోను మోగితే, కూతుర్ని పిచ్చుక అని పిలుచుకునే ఆ తల్లికి ముందు చెమట పట్టేది, ఆ తర్వాతే నోట్లోంచి "హలో" వచ్చేది. హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ పొడుగాటి హాల్లో అందరికీ ఈ సంగతి తెలుసు. "నీకు రాంగ్ నంబరొచ్చినా ఆంబులెన్సు పిలవాలే!" అని పక్క బల్ల అక్క ఏడిపించేది.

ఆ రోజు పదకొండున్నరకు ఫోను పిచ్చుకని వదిలివచ్చే పిల్లల కేంద్రం నుంచే వచ్చింది.

"కంగారేం లేదమ్మా," అంది కేంద్రం నడిపే మేడం.

కంగారేం లేదన్న మాటతో మొదలయ్యాక ఇంక కంగారు కానిదేముంటుంది? ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"మీ పిచ్చుకకి మూతి చుట్టూ నాలుగు దద్దుర్లు లేచాయి. దురద మందు పోశాం. పనయ్యాకే రా, తొందరేం లేదు."

"ఏం తిన్నది మేడం?"

"ఏమీ లేదమ్మా. ఆయమ్మ బ్రెడ్డుకి కాస్త వెన్న రాసి పెట్టింది. పాలు మాత్రం పొయ్యలేదు. మాకు తెలుసుగా."

అవతల ఎవరో దగ్గుతున్నారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య సందివ్వని పొడి దగ్గు.

"ఆ దగ్గేది ఎవరు?"

"అదేనమ్మా. ఇప్పుడే మొదలెట్టింది."

"ఆంబులెన్సుకి చెయ్యండి! ఇప్పుడే చెయ్యండి! దాన్ని నడవనివ్వకండి. సూది నా దగ్గరుంది, వచ్చేస్తున్నా!"

"సూదేంటమ్మా?" అన్న మేడం గొంతు ఆమె వినలేదు. సంచీ లాక్కుని అప్పటికే గుమ్మం దాటేసింది.

పెన్నులా ఉండే ఆ సూది మందులు రెండూ సంచీ అడుగున, దువ్వెన పక్కన ఉన్నాయి. "పిల్ల ఎక్కడుంటే ఇవి అక్కడుండాలి. పాల వస్తువేది కడుపులోకెళ్ళినా ఊపిరాడకపోవచ్చు. అప్పుడు ముందు సూది, తర్వాతే ఫోను," అని డాక్టరు రెండుసార్లు చెప్పింది. మూడేళ్ళ పిల్ల కేంద్రంలో ఉంటే సూదులు ఇస్త్రీ హాల్లో ఎందుకున్నాయి?

వీధి మలుపు దగ్గర బస్సుకి అడ్డంపడి తిట్లు తింటూ పరిగెత్తుతున్న ఆ తల్లికి జవాబు తెలుసు. ఇంతకుముందు రెండు చోట్ల ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు చోట్లా "మాకెందుకొచ్చిన గొడవమ్మా" అని తలుపేశారు. పిల్లని చూసేవాళ్ళు లేకపోతే పని పోతుంది. అందుకని మూడోచోట మాట మార్చింది. "మా పిల్లకి పాలు పడవండీ," అంది. అంతే. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయమ్మ పకపకా నవ్వి, "నాకూ రొయ్యలు పడవులే! అయినా తినేసి రెండ్రోజులు గీక్కుంటా!" అంది. ఆమెతోపాటు తనూ నవ్వింది. సూది చూపిస్తే ఆ నవ్వు ఆగిపోతుందని సంచీ జిప్పు తియ్యనేలేదు.

నలభై విధాల చావుని రోజూ కళ్ళముందు చూసుకునే మనిషి, ఒక్కసారి కూడా ఆ మాట పైకనలేదు. అశుభం పలికితే అదే జరుగుతుందని చిన్నప్పుడు అమ్మ నోటిమీద కొట్టి నేర్పింది.

చెప్పు తెగింది. దాన్ని అక్కడే వదిలేసింది.

కేంద్రంలో ఆయమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతోంది. చాప మీద కక్కు. పెదాలు ఉబ్బి, కళ్ళు గీతలై, "అమ్మా" అన్న గొంతు పిచ్చుకది కాదు. ఎవరో ముసలిదాని గొంతులా బొంగురుగా ఉంది.

సంచీలోంచి ఒక సూది తీసింది. రోజూ పడుకునే ముందు ఈ పని మనసులో చేసి చేసి ఉంది. మూత పీకింది. మొన తొడ పక్కకి, గౌను మీదనుంచే ఆనించి గట్టిగా నొక్కింది. టక్కుమంది. పిల్ల కెవ్వుమంది. డాక్టరు చెప్పినన్ని అంకెలు పైకే లెక్కపెట్టి తీసింది.

"ఆంబులెన్సు?"

"వస్తోంది, వస్తోంది," అంది మేడం. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇట్లాగే కూర్చోబెట్టి ఉంచండి. లేవనివ్వద్దు."

రెండో సూది పిడికిట్లో పట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. రెండు. పక్క గదిలో పిల్లలెవరో బొమ్మకోసం కొట్టుకుంటున్నారు.

"పడవు అన్నావు కదే తల్లీ!" ఆయమ్మ ఏడుపందుకుంది. "పడకపోతే ఇంతవుతుందా? పాలంటే పాలే అనుకున్నా. వెన్నన్నావా? వెన్న మాట అన్నావా?"

"అనలేదు," అంది తల్లి.

నాలుగో నిమిషానికి దగ్గుకీ దగ్గుకీ మధ్య సందు దొరికింది. వీధిలో సైరను వినిపించేసరికి పిల్ల "నీళ్ళు" అంది, తన గొంతుతోనే.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచి చూడాలన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టొచ్చట. ఆమె పిల్ల పొట్ట పైకీ కిందకీ కదలడం మీదనుంచి చూపు తిప్పలేదు. నాలుగింటికి మేడం వచ్చింది, వెనకే ఆయమ్మ.

"ఎందుకు దాచావమ్మా?"

"చెప్పినచోట తీసుకోలేదండీ."

"నేనూ తీసుకునేదాన్ని కాదేమో," అంది మేడం. "మా దగ్గర చచ్చిపోయుంటే?"

ఆ మాట గదిలో పడింది. తల్లికి మేడం నోరు మూసేద్దామన్నంత పని అయింది. కానీ మూసుకున్న నోటివల్లే కదా ఇంతదూరం వచ్చింది.

"అవునండీ," అంది. "పాలు, పాలతో చేసిందేదైనా, కడగని గిన్నెకి అంటిన కాస్తైనా సరే, కడుపులోకెళ్తే నా పిల్ల చచ్చిపోవచ్చు. పడకపోవడం కాదు. చచ్చిపోవచ్చు. ఇప్పుడు చెప్తున్నా. ఉంచుకుంటే ఉంచుకోండి, లేకపోతే లేదు."

మంచం మీద పిల్ల ముక్కు గోక్కుని అటు తిరిగి పడుకుంది.

"ఒక వారం తీసుకురాకు," అంది మేడం. "సూది వెయ్యడం మా ఇద్దరికీ రావాలి. వంటగదీ మారాలి. ఆ తర్వాత చూద్దాం."

'చూద్దాం' అనేది తలుపుకి పెట్టే తాళంలాంటి మాట. ఆమెకి తెలుసు. అయినా తనన్న మాటని వెనక్కి తీసుకోలేదు.

మేడం డాక్టరుతో మాట్లాడటానికి వెళ్ళింది. ఆయమ్మ మంచం అంచున కూలబడింది.

"నాకు చదువు రాదు. పొట్లాల అట్టల మీద ఏం రాశారో నాకేం తెలుస్తుంది? నోటితో చెప్పు. నా బుర్ర మట్టిబుర్రే, కానీ ఒకసారి అంటుకుంటే వదలదు."

"పాలు," అంది తల్లి.

ఆయమ్మ చిటికెన వేలు మడిచింది.

"పెరుగు. వెన్న."

"ఆ వెన్న మాట నాకు చెప్పకు, చచ్చేదాకా మర్చిపోను. ఇంకా?"

"నెయ్యి. మీగడ. జున్ను. చీజు. పాలపొడి. పాలు విరిగిన నీళ్ళతో చేసే వే పొడి. కేసీను."

"అదెవరు, దొరసాని పేరులా ఉంది?"

"పాలదే. వేషం మార్చుకుని వస్తుంది."

పది వేళ్ళూ అయిపోయాయి. "ఇంకా ఉన్నాయా?" అంది ఆయమ్మ.

"ఉన్నాయి. చాక్లెట్టు, ఐస్‌క్రీము, కొన్ని బిస్కెట్లు."

ఆయమ్మ తన చేతుల వంక చూసుకుంది. నిద్రపోతున్న పిచ్చుక చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకుని, చిన్న చిటికెన వేలు మడిచింది.

"చెప్పు," అంది.