గొట్టంలోకి ఎక్కని కల్లు

పొద్దు వాలేసరికి అపోలోట్ అవ్వ వాకిట్లో కుండ పెట్టి, పులిసిన రాగిపిండి మీద వేణ్ణీళ్ళు పోస్తుంది. చుట్టూ పీటలు పడతాయి. కల్లు పీల్చుకునే పొడుగాటి తీగ గొట్టాలు కుండలోకి దిగుతాయి. కుండలోకి తొంగి చూడకూడదు, బుడగలు ఊదకూడదు. అవి మనుషుల మర్యాదలు. కుండకీ ఒక మర్యాద ఉంది. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా ద్రోహం చేసిన నోటికి అది చుక్క ఇవ్వదు. మొన్నామధ్య దొంగ ఎద్దును అంటగట్టిన పక్కింటాయన గొట్టం ఎండిపోతే, ఎద్దును వెనక్కి తోలుకుపొమ్మని చెప్పి మళ్ళీ కబుర్లలో పడ్డారు.

ఆ రోజు కుండ పెట్టింది మనవరాలు అమోంగిన్ కోసం. మధ్యాహ్నమే బెయిలు మీద వచ్చింది. ఆమె చేసిన నేరం వింటే ఎవరికైనా నోట మాట రాదు. ఆసుపత్రిలో ఫోన్ల వెలుతురులో పురుళ్ళు పోస్తుంటే, ఆ ఆసుపత్రి జనరేటరు జిల్లా ఛైర్మన్ కొడుకు పెళ్ళిలో పాటలు మోగిస్తోంది. అమోంగిన్ దాని ఫొటో తన పేరు లేని ఫేస్‌బుక్ పేజీలో పెట్టి, కింద ఒక్క ముక్క రాసింది: "మన కాన్పుల గది జనరేటరు డాన్సు బాగా కట్టింది." అంతే! కంప్యూటర్ దుర్వినియోగం అన్నారు, ద్వేషం రెచ్చగొట్టడం అన్నారు. రుజువైతే ఏళ్ళ తరబడి జైలు. నవ్వు బొమ్మ పెట్టినవాళ్ళను కూడా స్టేషనుకు పిలిచారు. ఛైర్మన్‌ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

"పేజీ నీదని చెప్పిందెవరో ఇవాళ తేలిపోతుంది," అంది అవ్వ.

అందరి కళ్ళూ ఎకీసా బాబాయ్ మీదే. ఛైర్మన్ మనుషులతో తిరిగేది ఆయనే.

"పీల్చవయ్యా. గొట్టం పట్టుకుని ధ్యానం చేస్తున్నావేం?" అన్నారెవరో.

ఎకీసా బుగ్గలు సొట్టపడేలా పీల్చాడు. గుటక అందరికీ వినిపించింది. "చూశారా! ముఖం చూసి దొంగను చేశారు!"

"నీ ముఖం అలాంటిది మరి, మేమేం చేస్తాం," అంది అవ్వ.

అందరూ నవ్వారు. అమోంగిన్ తప్ప మిగతావాళ్ళు ఒక్కొక్కరే పీల్చారు. అందరికీ కల్లు వచ్చింది.

అమోంగిన్ నవ్వలేదు. చెప్పినవాళ్ళెవరూ లేరని ఆమెకు తెలుసు. సిమ్ కార్డు ఆనవాలు పట్టుకుని పోలీసులే నేరుగా వచ్చారు. ఆ మాట బయటపెడితే తర్వాత ఏం జరిగిందని అడుగుతారని నోరు మూసుకుంది.

పక్కనే ఒళ్ళో పాపతో అసెకెన్యే కూర్చుంది. ఆసుపత్రి నర్సు, చిన్ననాటి నేస్తం. జనరేటరు సంగతి మొదట చెప్పింది ఆమే.

"కడుపులో బాగాలేదవ్వా, రేపు తాగుతా," అంది అమోంగిన్.

"జైలు గడప తొక్కినవాళ్ళు తాగకపోతే కీడు ఇంట్లోనే తిష్ట వేస్తుంది. తాగు."

అసెకెన్యే తన గొట్టం అందించి చెవిలో అంది: "ఇందా, నాది తీసుకో. ఎన్ని బాధలు పెట్టినా నా పేరు రానివ్వలేదు. నువ్వు నా తోబుట్టువువే."

బెదిరించి చెప్పించిన మాటను కుండ ద్రోహం అనుకోదులే అని అమోంగిన్ గుండె దిటవు చేసుకుని పీల్చింది. ఏమీ రాలేదు. గుటక వేసినట్టు గొంతు కదిలించింది.

గొట్టం మధ్యలో అసెకెన్యే చెయ్యి ఇంకా ఉంది. కల్లు ఎక్కితే ఆ వెచ్చదనం చేతికి తెలుస్తుంది. తెలియలేదు. గొట్టం వెనక్కి తీసుకుని తను పీల్చింది. నోరంతా నిండింది. మళ్ళీ అమోంగిన్‌కు ఇచ్చింది. చుక్క రాలేదు.

అసెకెన్యే ముఖం పాలిపోయింది.

"నువ్వా?"

"తమ్ముణ్ణి కూడా లోపలేస్తామన్నారే..."

"ఎప్పుడొస్తారు?"

"రేపు పొద్దున్నే. నీకు చెబుదామనే..."

"ఎప్పుడు? నన్ను బండెక్కించాకా?"

అవ్వ తల దించుకుంది. అసెకెన్యే పాపను వీపున కట్టుకుంది. సరిహద్దు అవతల కెన్యాలో ఆమె మేనమామలున్నారు. ఎకీసా బాబాయ్ లేచి మోటారుసైకిలు తీశాడు. వెళ్ళేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

తెల్లవారి పోలీసులు వచ్చేసరికి నర్సు ఇంటికి తాళం వేసి ఉంది. తలుపు తన్ని, తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే కుండ పెట్టింది. అసెకెన్యే గొట్టం అక్కడే మిగిలిపోయింది. అమోంగిన్ దాన్ని తీసుకుని, రాదని తెలిసే, పీల్చింది. కల్లు వెచ్చగా నోట్లోకి వచ్చింది. ఆమె నిర్ఘాంతపోయి చుట్టూ చూసింది.

ఆమె ద్రోహం చేసిన మనిషి ఇప్పుడు ఆ కుండ చుట్టూ లేదు.