ముందు చక్రాల నలుపు

మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలనే రకం నేను. కళ్లద్దాల దుకాణం నడుపుకొనేవాణ్ణి, ఎవరో వాడి వదిలేసిన ఖరీదైన కారు కొన్నాను. ఇంజను గురించి నాకేమీ తెలియదు. మెరిసే చక్రాలు చూసి పడిపోయాను.

నాలుగో రోజుకే ముందు చక్రాలు రెండూ మసిగిన్నెల్లా తయారయ్యాయి. అది రోడ్డు దుమ్ము కాదనీ, బ్రేకు తొక్కినప్పుడల్లా లోపలి ప్యాడ్లు అరిగి రాలే పొడి అనీ మెకానిక్ చెప్పాడు. ఇలాంటి కార్లకు మెత్తటి ప్యాడ్లు వేస్తారట. పట్టు బాగుంటుంది, పొడీ ఎక్కువే. పొడి తక్కువ రాలే సిరామిక్ ప్యాడ్లు వేయమన్నాడు, వేయించాను. చక్రాలకు పూత పూయించాను. చల్లారాక సబ్బునీళ్లతో కడగమంటే, పసిపిల్లకు నీళ్లు పోసినట్టు పోశాను. నలుపు తగ్గింది గానీ పోలేదు. మళ్లీ వెళితే విసుక్కుని, "ఇక మార్చాల్సింది బండిలో లేదండీ, తొక్కే కాల్లో ఉంది" అన్నాడు.

ఆ మాట నా చెవిలో అమృతం పోసినట్టయింది. మా ఇంట్లో బ్రేకు తొక్కే కాళ్లు రెండే. ఒకటి నాది, ఒకటి నా భార్యది. నాది తప్పు చేయదని నా గట్టి నమ్మకం.

నిజానికి ఆమె నాకంటే ముందే డ్రైవింగు నేర్చుకుంది. వాళ్లక్కకు, అంటే మా వదినకు, తుంటి ఆపరేషనైంది. ఊరికి ఆ చివరున్న వాళ్లింటికి రోజూ వెళ్లి, స్నానం చేయించి, నాలుగడుగులు వేయించి వస్తుంది. కారైతే అరగంట. బస్సైతే రెండు మారాలి. నేను పక్కన కూర్చున్నప్పుడల్లా అదిగో లారీ, ఇదిగో మలుపు అని పాపం హెచ్చరిస్తూనే ఉంటాను. అంత చెప్పినా ఆమె కాలు బ్రేకు మీదే ఉంటుంది. కాబట్టి దోషి ఎవరో తేలిపోయింది.

తేలింది చాలక రుజువు కూడా కావాలనుకున్నాను. అక్కడే నా పుట్టి మునిగింది. చక్రాలు కడిగి, ఒక వారం ఆమె ఒక్కతే కారు నడపాలి. నేను దుకాణానికి నడిచి వెళ్తాను. మళ్లీ కడిగి, రెండో వారమంతా నేనే నడపాలి; వదిన ఇంటికి ఆమెను నేనే దింపి తీసుకొస్తాను. ప్రతి వారం చివరా ఎడమవైపు ముందు చక్రాన్ని అద్దాలు తుడిచే తెల్లగుడ్డతో ఒక్కసారి తుడిచి, ఆ వారం నడిపినవాళ్ల పేరు రాసిన కవర్లో పెట్టాలి. నిపుణుణ్ణి కదా, ఆ పని నేనే తీసుకున్నాను. ఎవరి గుడ్డ ఎక్కువ నల్లబడితే వాళ్లు ఇక స్టీరింగు ముట్టకూడదు. ఆమె సరేనంది.

ఆమె గుడ్డ కాస్త మాసింది, అంతే. నాది బొగ్గు. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు మాత్రం గుడ్డ మీద అచ్చేసి మరీ చూపించినట్టయింది. ఆమె వంటింట్లో ఉంది. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ఊళ్లోవాళ్లందరి చూపూ సరిచేసేవాణ్ణి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా రెండు గుడ్డల కవర్లూ మార్చేశాను.

చూసి వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే అరవడానికి నాకూ ఏదో దొరికేది. ఆమె తన కారు తాళం తీసి నా ముందు పెట్టింది. మర్నాడు దింపుతానన్నా వినకుండా, గొడుగు పట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. సాయంత్రం తడిసిన చెప్పులతో, వడలిన ముఖంతో వచ్చింది. రెండో రోజూ అంతే. నాకు అన్నం సహించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో రోజు దుకాణం మూసేసి కారులో వదిన ఇంటికి వెళ్లాను. నా భార్య వదినను చెయ్యి పట్టుకుని హాల్లో నడిపిస్తోంది. ఇద్దరి ముందూ చెప్పేశాను.

"ఆ నల్లగుడ్డ నాది. నేనే మార్చాను."

వదిన నవ్వింది. నా భార్య నవ్వలేదు.

"నేను నమ్మేశానండీ. నాకు నడపడమే చేతకాదేమోనని రెండు రోజులు బస్సులో అదే ఆలోచన." వదినను కుర్చీలో కూర్చోబెట్టి నావైపు తిరిగింది. "నా వారంలో మీరు పక్కన లేరు కదా. మీరుంటే రోడ్డు కోసం ఒకసారి తొక్కుతాను, మీ కేకలకు పదిసార్లు తొక్కుతాను."

తాళం ఆమె చేతిలో పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడిపింది. లారీ ఎదురొచ్చింది, నేను మాట్లాడలేదు. సిగ్నలు పడింది, మాట్లాడలేదు. ఆమె చాలా దూరం నుంచే యాక్సిలరేటరు వదిలేసి, బండి దానంతటదే నెమ్మదించాక ఒక్కసారి మెత్తగా తొక్కి ఆపుతోంది. ఇన్నేళ్లలో ఆమె నడపడం నేను నిజంగా చూడటం అదే మొదటిసారి.

ఇంటి ముందు ఆపి నా కుడికాలి వైపు చూసింది. అది బ్రేకు తొక్కుతున్నట్టు కింది మ్యాటును ఇంకా అదిమిపట్టే ఉంది.

"ఎన్నిసార్లు తొక్కారు?" అని అడిగింది.

మూడుసార్లని నోటిదాకా వచ్చింది.

"ఇరవై దాకా లెక్కపెట్టాను. తర్వాత వదిలేశాను" అన్నాను.