సింతపండుతో తోమీసిన సింబల్

నా కొడుకు ఏలిముద్రలు నా సేత్తో నానే తోమీసినాను. సింతపండు, ఉప్పు ఏసి, కొబ్బరి పీసు పెట్టి, గోళ్ళు అరిగిపోయీలాగ తోమినాను. ఈ మాట ముందే సెప్పీత్తన్నాను. ఎందుకంటే ఈ బెంగాలీ దేశంలో మా వాట్‌గంజ్ కూలోళ్ళ లైన్లో ఇది నాలుగు రకాలుగా తిరుగుతున్నాది. మా ఆయన నన్ను కొట్టినాడని ఒకర్తి, నాకు బుర్ర తిరిగిపోనాదని ఒకర్తి. మా పక్కింటి జగ్గమ్మ నోటికి తాళం ఏసీవోడు ఇంకా పుట్టలేదు. అందుకే నానే సెప్తాను, ఇనండి.

నా పేరు సన్యాసమ్మ. బాప్తీసం ఇచ్చినప్పుడు పాస్టరు గారు పేరు మార్సమన్నారు. మా అమ్మమ్మ పేరండీ, మార్సనన్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు కార్పొరేషన్లో ఈదులు ఊడ్సినాను. సీపురు కర్ర, బ్లీచింగు పౌడరు, కాలవల్లో బురద. నా ఏళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోనాయి. రేషన్ దుకాణంలో ఏలు పెడితే ఆ మిషన్ పట్టదు. దుకాణం బెంగాలీ దాదా "మాషీ, ఆబార్ దిన్" అంటాడు, పిన్నీ మళ్ళీ పెట్టు అని. మళ్ళీ పెడతాను, మళ్ళీ పట్టదు. "నీ మిషన్ జిమ్మడ, నాను బతికే ఉన్నాన్రా" అని తెలుగులో తిడతాను. ఆడికి తెలుగు రాదు, నవ్వుతాడు. ఆకరికి మా కూతురు మేరీరాణి ఎల్లి ఏలు పెడితే బియ్యం ఇత్తాడు.

మా ఆయన మరియదాసు. వారమంతా ఓడల డాకులో కూలి, ఆదోరం మన తెలుగు చర్చిలో డ్రమ్ములు. ఆ డ్రమ్ముల సెట్టు రిపన్ స్ట్రీట్‌లో ఉండే ఆంగ్లో-ఇండియన్ ముసలాయనది. ఆయన ఆస్ట్రేలియా ఎల్లిపోతా, "దాసూ, నీకు తప్ప ఎవలికీ ఇవ్వను" అని ఇచ్చీసినాడు. అప్పటికే అది పాతది. మా ఆయన పుట్టకముందు ఇంగ్లండులో సేసిందంట. పెద్ద డ్రమ్ము ఒకటి, సిన్నవి మూడు, సుట్టూ ఎర్రటి మెరుపు రేకు. స్టాండ్ల మీద సింబల్సు. ఆటిని నాను పళ్ళాలంటాను. ఇత్తడి పళ్ళెంలాగే ఉంటాది కదా మరి.

డాకులో గొలుసు జారి మా ఆయన ఎడం సేతి ఏళ్ళు నలిగిపోనాక ఆ సెట్టు మా అబ్బాయి జయప్రకాశ్‌ది అయిపోనాది. ఆడికొక అలవాటు. పాటలో సరణం అయిపోగానే పెద్ద సింబల్ మీద ఒక్క దెబ్బ కొట్టి, అది మోగుతుండగానే ఎడం సేత్తో అంచు పట్టుకుని ఠక్కున ఆపీసేవోడు. చర్చి అంతా గప్‌చిప్. "ఏట్రా, పళ్ళెం పడిపోతాదని పట్టుకుంటన్నావా?" అని ఎక్కిరించీదాన్ని. "అది దానంతట అది ఆగదమ్మా. ఎవలో ఒకలు పట్టుకోవాల" అనీవోడు. ప్రతి ఆదోరం అక్కడే, అదే సోట, పైన బొటనేలు, కింద నాలుగేళ్ళు.

మూడేళ్ళ కిందట అక్టోబరులో ఆడికి జొరం వొచ్చినాది. ఆదోరం పొద్దున్న ఒళ్ళు పెనంలాగ కాలిపోతన్నాది. పడుకోరా నాయనా అన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "రెండు పాటలే కదరా, ఎల్లొచ్చీ" అన్నాడు. ఎల్లినాడు. రెండు కాదు, అయిదు పాటలు వాయించినాడు. డెంగీ అన్నారు. శుక్రవారానికి పోయినాడు. ఇరవయ్యారేళ్ళ పిల్లడు.

ఆ రోజు ఇంట్లో ఉన్నా ఇలాగే అయ్యేదమ్మా అని డాక్టరు సెప్పినాడు. సెప్పినాడు గానీ కన్నకడుపు ఒప్పుకోవద్దా? మా ఆయన మొకం సూస్తే "రెండు పాటలే కదరా" అన్న మాటే ఇనిపించీది. అన్నం పెట్టీదాన్ని, బట్టలుతికీదాన్ని, మాట మాత్రం ఆడీదాన్ని కాదు. ఏదైనా సెప్పాలంటే రాణికి సెప్పీదాన్ని, ఆయన పక్కనే కూసున్నా సరే. ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. మూడేళ్ళు ఒకే గదిలో అలాగ బతికినాము.

డ్రమ్ములు చర్చి ఎనకాల గదిలో పడున్నాయి. రెండు వానాకాలాలు నీళ్ళొచ్చి తడిసిపోనాయి. ఈ ఏడు జయప్రకాశ్ జ్ఞాపకార్థ కూడికకి నెల్లాళ్ళ ముందు మా ఆయన ఆటిని వ్యాన్ రిక్షా మీద ఏసుకొచ్చినాడు. "రాణీ, మీ అమ్మకి సెప్పు. ఇవి బాగుసేసి కూడికలో ఒక్క పాట వాయిత్తాను" అన్నాడు. "నా కొడుకుని తినీసిన డబ్బాలు నా గుమ్మం తొక్కకూడదని మీ నాన్నకి సెప్పు" అన్నాను. ఆయన వరండాలో గోనె పరుసుకుని కూసున్నాడు.

రోజూ పొద్దున్నే మొదలెట్టీవోడు. ఒక్కో మేకూ, ఒక్కో బోల్టూ ఇప్పి కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో తుప్పు దులిపీవోడు. ఏ బోల్టు ఏ కన్నంలోదో దానికే పోవాలంట, మార్సకూడదంట. కాగితం మీద వరసగా పేర్సుకుని, గాలికి ఎగరకుండా గులకరాళ్ళు పెట్టీవోడు. ఎర్ర రేకుని సబ్బు నీళ్ళతో, మెత్తటి గుడ్డతో, పసిపిల్లకి మొకం కడిగినట్టు కడిగీవోడు. ఎడం సెయ్యి పట్టు లేదు కదా, డ్రమ్ముని మోకాళ్ళ మధ్య బిగించుకుని కుడిసేత్తో తిప్పీవోడు. జారిపోయీది. మళ్ళీ పెట్టీవోడు. నాను లోపల్నించి సూసీదాన్ని. సూడనట్టు సూసీదాన్ని.

ఒక రోజు పెద్ద డ్రమ్ము తోలు ఇప్పినాడు. లోపల ఒక బట్టల మూట. లాగితే నా నీలం సీర! తీగ మీంచి పోయిందని అయిదేళ్ళ కిందట లైనంతా ఎతికిన సీర. జగ్గమ్మే ఎత్తుకెల్లిందని ఆవిడ ఏడుతరాలూ కడిగీసినాను. దాన్ని మా దొంగ గుంటడు మడతపెట్టి డ్రమ్ములో కుక్కినాడు, మోత మెత్తబడతాదని. ఆదోరం ఆదోరం ముందు బెంచీలో కూసుని నా సీర మోతే ఇన్నానన్నమాట. ఓలమ్మో, నాకు నవ్వొచ్చినాది. నవ్వు నవ్వుగా ఉండగానే ఏడుపైపోనాది. మా ఆయన ఆ సీర దులిపి, మడతపెట్టి, నా పక్కన పెట్టి, మళ్ళీ ఎల్లి కూసున్నాడు. ఆ నలిగిపోయిన సేత్తో బోల్టు పట్టుకుందామని సూత్తన్నాడు.

అప్పుడు నాలో ఏదో ఇరిగినాది. ఆయన మాత్రం కొడుకుని సంపుకోడానికి పంపినాడేటి? ఆయన కడుపు కాల్లేదేటి? మాటాడాలనుకున్నాను. మూడేళ్ళు మూసిన నోరు ఏ మాటతో తెరవాలో తెలీలేదు. ఏదో ఒక పని సేసి పెట్టి, అప్పుడు మాటాడదామనుకున్నాను. మా బుద్ధులు అంతే, పనిమంతురాలికి పని సెయ్యడమే మాట.

కూడిక శనివారం. శుక్రవారం నాడు మా ఇళ్ళలో అలవాటు మీకు తెలుసు కదా, కూడికకి ముందు రోజు ఇంట్లో ఉన్న ఇత్తడీ కంచూ అంతా కుళాయి దగ్గరేసి సింతపండుతో తోమీడమే. పదిమంది వొచ్చి బోంచేసే రోజున నల్లటి గిన్నె బైటకొస్తే పరువు పోదూ? మా ఆయన కొత్త తోళ్ళు కొనడానికి లాల్‌బజార్ ఎల్లినాడు. వరండాలో డ్రమ్ములు ఎర్రగా మెరిసిపోతన్నాయి. పెద్ద సింబల్ ఒక్కటీ పాత లుంగీలో సుట్టి మూల పెట్టున్నాది. ఇప్పి సూసినాను. నల్లగా, మకిలిగా, అలాగే ఉన్నాది. పాపం, ఆ సేత్తో దీన్ని తోమలేక వొదిలీసినాడు గావాల అనుకున్నాను.

కుళాయి కిందకి తీసుకెల్లినాను. అంచు దగ్గర పచ్చటి మచ్చలున్నాయి, గుండ్రంగా. పైన ఒకటి, తిప్పితే కింద నాలుగు. సిలుం అనుకున్నాను. అక్కడే ఎక్కువ సింతపండు ఏసి, అక్కడే ఎక్కువ రుద్దినాను. పోలేదు. ఇటికపొడి అద్ది మళ్ళీ రుద్దినాను. పోయినాయి. సూరీడులాగ మెరిసినాది. ఎప్పుడో మాటలు మానీసిన జగ్గమ్మని కూడా పిలిసి సూపించినాను, దొంగని తిట్టినందుకు సారీ కూడా సెప్పీసినాను. అంత సంతోషం మూడేళ్ళలో ఎరగను.

మద్దేనం మా ఆయనా రాణీ కలిసి వొచ్చినారు. ఎదురెల్లి నుంచున్నాను.

"మావా, ఎలాగున్నాది?" అన్నాను.

మూడేళ్ళకి నా నోట్లోంచి వొచ్చిన మొదటి మాట అది. ఆయన సేతిలో తోళ్ళు కింద పడిపోనాయి. ఆయన నన్ను సూడలేదు. సింబల్ తీసుకుని ఎలుగులోకి తిప్పినాడు. ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు, అంచు మీద బొటనేలు పెట్టి తడిమినాడు.

"ఏ బాబా! అమ్మా, ఏటి సేసినావు?" అని రాణి నోరు నొక్కుకుంది.

రాణే సెప్పినాది. వారం కిందట ఆ సింబల్ మకిలి తుడవబోతుంటే మా ఆయనకి ఆ మచ్చలు కనిపించినాయంట. జయప్రకాశ్ సెమట సేతులతో ఆదోరం ఆదోరం పట్టి పట్టి ఆడి ఏళ్ళు కంచులోకి ఎక్కిపోనాయి. ఫోను లైటేసి సూస్తే ఆడి ఏలిగీతలు కూడా సుట్టలు సుట్టలుగా కనిపించినాయంట. ఆయన గుడ్డ పక్కన పడేసి లుంగీలో సుట్టి పెట్టీసినాడు. "మీ అమ్మకి సెప్పకు. కూడిక రోజు పొద్దున్న నానే సూపిత్తాను. ఆవిడ సెయ్యి పట్టుకుని ఆడి ఏళ్ళ మీద పెడతాను. అప్పుడైనా నాతో మాటాడతాదేమో" అన్నాడంట.

నాను కుళాయి దగ్గరే కూలబడిపోనాను. పీసు ఇంకా నా సేతిలోనే ఉన్నాది. తిట్టమన్నాను. కొట్టమన్నాను. నా కొడుకుని రెండోసారి నానే పోగొట్టుకున్నాను మావా అని నేలకి తల బాదుకున్నాను. ఆయన వొచ్చి నా పక్కన ఆ తడిలోనే కూసున్నాడు.

"బాగున్నాది సన్యాసీ. బాగా తోమినావు" అన్నాడు.

రాణి ఏడుస్తానే వారం కిందట ఫోనులో తీసిన ఫోటో సూపించినాది. ఉన్నాది, పచ్చటి మచ్చ, మద్దిలో గీతలు. ఏలు పెట్టి తడిమినాను. అద్దం తగిలినాది. సల్లగా ఉన్నాది.

శనివారం పొద్దున్న కూడికకి చర్చి నిండిపోనాది. పాస్టరు గారి ప్రార్థన అయినాక మా ఆయన డ్రమ్ముల ఎనకాల కూసున్నాడు. జయప్రకాశ్‌కి ఇష్టమైన పాటే. నెమ్మదిగా వాయించినాడు, ఎడం సేతి కర్ర రెండుసార్లు జారినాది, మళ్ళీ పట్టుకున్నాడు. ఆకరి సరణం అయినాది. పెద్ద సింబల్ మీద ఒక్క దెబ్బ కొట్టినాడు. ఎడం సెయ్యి అంచు దాకా ఎల్లినాది. ఆ ఏళ్ళు ముడుసుకోలేదు.

అది మోగుతానే ఉన్నాది. పాట అయిపోనాది, జనం నోళ్ళు మూసినారు, అది ఒక్కటీ మోగుతున్నాది. ఎవలో ఒకలు పట్టుకోవాల అన్నాడు నా కొడుకు. ముందు బెంచీలోంచి లేసి ఎల్లినాను. ఆడు పట్టుకున్న సోటే, పైన బొటనేలు, కింద నాలుగేళ్ళు పెట్టి గట్టిగా పట్టుకున్నాను. నా ఎముకల్లోకి దడ ఎక్కి, ఆగిపోనాది.

ఇప్పుడు ఆ సెట్టు చర్చిలోనే ఉన్నాది. ప్రతి ఆదోరం మా ఆయన కొడతాడు, నాను పక్కన స్టూలేసుకుని కూసుని ఆపుతాను. నాలుగు నెలలయినాది. మొన్న మా ఆయన నన్ను కిటికీ దగ్గరకి పిలిసి సింబల్ తిప్పి సూపించినాడు. అంచు మీద మచ్చలు పడతన్నాయి. పైన ఒకటి, కింద నాలుగు. గీతల్లేవు. నున్నగా ఉన్నాయి, ఎవలివో ఏ మిషనూ సెప్పలేదు. చర్చి ఊడ్సడానికొచ్చే లలితకుమారి మకిలనుకుని నిన్న గుడ్డ పట్టుకుని దగ్గరకొచ్చినాది. "ఒలే, అది ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేత్తాను" అన్నాను.