పిన్ను తీసిన చేతులు

వీలునామాకున్న పిన్ను ఊడదీయకూడదని చిన్న టైలరమ్మకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కూర్చునే కాగితాలు దాఖలు చేసుకోవచ్చని గొప్పలు పోయిన కోర్టువారైనా ఒక ముక్క చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. నాలుగు పేజీలూ స్కానర్ అద్దం మీద చదునుగా పరుచుకోకపోతే, తుప్పు పట్టిన ఆ పిన్నును సూదిమొనతో పైకి లేపి తీసేసింది. పని అయ్యాక కాగితాలను విడివిడిగా వదిలేయడానికి మనసొప్పలేదు. తెల్లదారం ఎక్కించి ఆరు కుట్లు వేసి, ముడి కనబడకుండా లోపలికి తోసింది. ఇరవై ఏళ్లుగా కుట్టుపనిలో ఉన్న చేతులు మరి, ఊరుకుంటాయా?

ఆ వీలునామా అత్తగారిది. వీధి వీధంతా ఆవిడని పెద్ద టైలరమ్మ అనేది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల పట్టే కుట్టు దుకాణాన్ని, భర్త పోయిన ఈ కోడలి పేర రాసి కన్నుమూసింది. చిన్నకొడుకు ఒంటికాలి మీద లేచాడు. దుకాణాన్ని అమ్మి పారేద్దామని అతని ఎత్తు. అందుకే వీలునామాను ఖాయం చేయమని ఈమె కోర్టులో కేసు వేసింది.

అసలు వీలునామా కోర్టుకి చేరాక కంప్యూటర్లో కోర్టువారి అభ్యంతరం ఊడిపడింది. పిన్ను తీసిన గుర్తులున్నాయి, పేజీలు మార్చలేదని నమ్మకమేమిటి, ఏడు రోజుల్లో ప్రమాణపత్రం పెట్టండి అని. ఏడో రోజు ఇవాళే. సాయంత్రం ఐదు దాటితే కేసు కొట్టేస్తారు, దుకాణం మరిది పాలవుతుంది.

నాలుగుంబావుకి లాయరుగారి గుమాస్తా టకటకా టైపు కొట్టి, స్క్రీను ఆమె వైపు తిప్పాడు.

"జిరాక్స్ షాపువాడు పొరపాటున పిన్ను తీశాడని రాశానమ్మా. వాణ్ణెవరూ వెతకరు. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి. అదే మీ సంతకం."

ఆమె ఫోన్‌ను గుప్పిట్లో బిగించింది. "తీసింది నేనండీ."

"తెలుసమ్మా. కానీ మీరే తీశారంటే మీ మరిది చేతికి కత్తిచ్చినట్టే కదా?"

"ఇస్తే ఇచ్చాను. నేను చేసిన పనికి ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇరికించి, దాని మీద ప్రమాణం చెయ్యమంటారా? చెయ్యను. అది చెరిపెయ్యండి."

"టైమ్ చూశారా? వెబ్‌సైట్ ఈ వేళప్పుడు నత్తనడక నడుస్తుంది!"

"అందుకే చెబుతున్నా, త్వరగా చెరపండి."

గుమాస్తా నెత్తి కొట్టుకుని చెరిపాడు. ఆమె చెప్పుకుపోయింది, అతను కొట్టుకుపోయాడు. పిన్ను నేనే తీశాను. స్కానర్ మీద పేజీలు పరుచుకోక తీశాను. నా దారంతో నేనే కుట్టాను. తప్పని తెలియదు. ఏ పేజీనీ మార్చలేదు, ప్రతి పేజీ కిందా మా అత్తగారి సంతకం ఉంది. దుకాణం పోతే రేపు ఎక్కడ కూర్చుని కుట్టాలో ఆమెకి నిజంగా తెలియదు. అయినా గొంతు మాత్రం తగ్గించలేదు.

వెబ్‌సైట్ రెండుసార్లు మొరాయించింది. మూడోసారి, ఆమె ఓటీపీ చెప్పాక, అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా, కాగితం దాఖలైందని రసీదు నంబరు వచ్చింది. నకలు ఎదుటి పక్షానికీ దానంతటదే వెళ్తుంది కాబోలు, పది నిమిషాల్లో మరిది ఫోను మోగింది.

"వదినా, నా పని నువ్వే సులువు చేశావ్. పిన్ను తీశానని నీ నోటితోనే ఒప్పుకున్నావ్!"

"అవును, తీశాను. జడ్జిగారు అడిగితే ఆయన ముందూ ఇదే చెబుతాను. పేజీలు మార్చానంటావేమో, నాలుగింటి మీదా అత్తయ్య సంతకం ఉంది. కళ్లు విప్పి చూడు. అది మీ అమ్మ సంతకం కాదని నువ్వూ ప్రమాణం చేసి పంపు."

"సంతకం... అమ్మదే అనుకో. కానీ నేననేది ఏంటంటే..."

"ఆ మొదటి మాటే కోర్టులో చెప్పు" అని ఫోన్ పెట్టేసింది.