కర్టెన్లమ్మ కొన్న ఇల్లు

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లుకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఇళ్ళకు వెళ్ళి కిటికీల కొలతలు తీసుకుని, కర్టెన్లు కుట్టి, తనే నిచ్చెనెక్కి తగిలించి వస్తుంది కాబట్టి అందరికీ కర్టెన్లమ్మ. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు, మంచివాడు. కొత్త పని మాటెత్తితే మాత్రం ఆమడ దూరం పారిపోతాడు.

ఒక సాయంత్రం ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయి, ఎంతకీ ఎక్కక, విసుగ్గా పక్కన పెట్టేసింది.

"ఏమండీ, ఒక చిన్న ఇల్లు కొని అద్దెకిద్దామా?"

అతను నవ్వాడు. "ఉన్న ఇంటికి రంగులేయించడమే ఏడాదేడాదికీ వాయిదా వేస్తున్నాం. కోరి ఇంకో తలనొప్పి తెచ్చుకుంటావా?"

"ఈ కళ్ళు ఇంకెన్నాళ్ళు కుడతాయి? రేపు నేను కుట్టలేకపోతే, మీరు నడపలేకపోతే, ఎవరు పెడతారు మనకి?"

"అద్దెల గురించి నీకేం తెలుసని?"

"ఏమీ తెలీదు. మిషను తొక్కడం పుడుతూనే వచ్చిందా నాకు? నేర్చుకుంటాను."

నేర్చుకోవడం అలా ఇలా కాదు. కొలతలకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టేపు ఒక చేత్తో, మాట ఒక చేత్తో పట్టుకుంది. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు కనబడితే, ముందు ఏది పాడవుతుందని, ఏడాదిలో ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుందని అడిగేది. అద్దెకున్నవాళ్ళు కనబడితే, పాత ఇల్లు ఎందుకు మారారని అడిగేది. ఇంటికొచ్చి అవన్నీ మొగుడికి అప్పజెప్పేది. భోజనం ముందు కూర్చుని అతను ఊఁ కొడుతూ, ఇదీ నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నాడు.

ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. "మీ బస్సు దారిలో వేళాపాళా లేకుండా జనం ఎక్కే స్టాపు ఏదండీ?"

"పెద్దాసుపత్రి వెనకది. తెల్లారకుండానే ఎక్కుతారు, పొద్దుపోయాకా దిగుతారు. పాపం, సగం మంది సీట్లోనే నిద్రపోతారు."

అంతే అడిగింది. ఆ వారంలోనే ఆసుపత్రి వెనక సందులో ఒక పాత మేడలో అమ్మకానికున్న వాటా చూసి వచ్చింది. రెండో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, ఎండ పడే వరండా. ఇళ్ళు చూపించే బ్రోకరు మాత్రం మొగుడూపెళ్ళాలిద్దరినీ మెయిన్ రోడ్డు మీద అద్దంలా మెరిసే కొత్త ఫ్లాటుకు తీసుకెళ్ళాడు. డ్రైవరు నేలరాళ్ళలో తన మొహం చూసుకుని మురిసిపోతుంటే, ఆవిడ పడగ్గది కిటికీ తెరిచి పక్క స్థలంలోకి వంగి చూసింది. అక్కడ పునాదులు తవ్వుతున్నారు.

"అక్కడ మేడ లేస్తే ఈ గదిలో పట్టపగలే లైటు వేసుకోవాలి. నా కర్టెన్ల అవసరం కూడా ఉండదు" అంది. బ్రోకరు తల గోక్కున్నాడు.

చివరికి పాత మేడలో వాటాయే ఖాయమైంది. దాచుకున్నది కొంత, బ్యాంకు అప్పు కొంత. సంతకం పెట్టేముందు డ్రైవరు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు, ఆవిడ గబగబా పెట్టేసింది. బయటికొచ్చాక మాత్రం మెట్ల మీద కూలబడి, "కాసిని మంచినీళ్ళు తెస్తారా? ఈ అప్పు తీర్చగలమంటారా?" అంది. ఆవిడకూ భయమేనని అతనికి అప్పుడు తెలిసింది. భయపడుతూనే ఇంత దూరం వచ్చిందా అని కొత్తగా చూశాడు.

తాళం చేతికి రాగానే అద్దె బోర్డు పెడుతుందనుకున్నాడు. ఆవిడ చాప, స్టవ్వు, రెండు బొంతలు మూట కట్టింది.

"కొన్నాళ్ళు మనం ఉందాం అక్కడ."

"సొంతిల్లు ఉంచుకుని పరాయి ఇంట్లో పడుకోవడమేమిటే?"

"అదీ సొంతిల్లేగా. మనం ఉండలేని ఇంట్లో డబ్బు తీసుకుని ఇంకొకళ్ళని ఎలా ఉండమంటాం?"

ఉన్నారు. స్నానాల గది తలుపు తెరిస్తే బకెట్టుకు తగిలేది. గడియ లోపలినుంచి పడేది కాదు, అతను స్నానం చేసినంతసేపూ పాటలు పాడాల్సి వచ్చేది. వంటింటి అర ఆవిడకు అందేది కాదు. పొద్దున్నే కింది కొట్టు షట్టరు లేపితే చెవుల్లో పిడుగు పడ్డట్టుండేది. ఒక్కోటీ ఆవిడ బాగుచేయించింది. షట్టరుకు మాత్రం కొట్టువాడిని బతిమాలి, తనే దగ్గరుండి నూనె వేయించింది. పడగ్గది మూలలో కొంచెం చెమ్మ కనబడితే, చెమ్మ పీల్చని రంగు వేస్తే సరిపోతుందన్నాడు పెయింటరు. ఆవిడ సరేనంది.

ముందుగా వచ్చినవాడు ఒక వ్యాపారి. అనుకున్నదానికంటే ఎక్కువే ఇస్తానని, అట్టపెట్టెలు పెట్టుకుంటానని అన్నాడు. డ్రైవరు కళ్ళు మెరిశాయి. ఆవిడ, "ఇది మనుషులుండే ఇల్లు బాబూ" అని పంపేసింది. తరవాత ఆసుపత్రి నర్సు ఒకావిడ వచ్చింది, వెంట ఆయాసంతో మెట్లెక్కిన మామగారు. నర్సు వరండాలో ఎండలోకి చెయ్యి చాపి, "మావయ్యా, ఇక్కడ కుర్చీ వేసుకోవచ్చు" అంది. ఆ మాటతో బేరం అయిపోయింది.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు నర్సు ఫోను చేసింది. "అక్కా, ఏమీ అనుకోకండి. మేం ఖాళీ చేస్తాం. గోడంతా నల్లగా బూజు పట్టింది. మావయ్యకి దగ్గు ఆగడం లేదు."

"బాగుంది! రంగులేయించిందే మొన్న" అన్నాడు డ్రైవరు. "పోతే పోనీ. ఆ స్టాపులో అద్దెకొచ్చేవాళ్ళకి కరువా?"

ఆవిడ చెప్పులేసుకుని మేడకు బయల్దేరింది. పడగ్గదిలో మూల గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. "రంగేసి మూసేశాను గానీ, నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయో చూడలేదు. తెలీనితనం నాది, దగ్గు మీ మావయ్యగారిది అయింది" అంది.

మేస్త్రీని పిలిచి చూపిస్తే తేలింది, నీళ్ళు పై ఇంటి స్నానాల గదినుంచే దిగుతున్నాయి. అక్కడ రిటైరైన మాస్టారు ఒక్కడే ఉంటాడు. ముక్కుమీద కోపం. సగం తలుపు తీసి, "మా ఇంట్లో చుక్క కూడా కారడం లేదు!" అని గద్దించాడు.

"పైన కారితే పైన ఎలా కనబడుతుందండీ? ఒక్కసారి కిందికొచ్చి చూడండి."

"నాకంత తీరిక లేదు" అని తలుపు వేసేశాడు.

డ్రైవరైతే అక్కడినుంచి తిన్నగా ఇంటికి వచ్చేవాడు. ఆవిడ మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. గొంతు పెంచలేదు, పోలీసుల మాటెత్తలేదు. చివరికి మాస్టారు సణుగుతూ దిగివచ్చాడు. గోడ చూశాడు, మంచం మీద దగ్గుతున్న తన యీడు మనిషిని చూశాడు. గొంతు తగ్గింది.

"గొట్టం చిల్లుపడ్డ సంగతి నాకు తెలుసమ్మా. నేలంతా తవ్వితే స్నానానికి ఎక్కడికి పోను? ఈ మోకాళ్ళతో రోజూ ఎవరింటి మెట్లెక్కను?"

ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "ఆ మాట మొదటే అంటే పోయేదిగా మాస్టారూ! ఒక్క అంతస్తు దిగి ఈ ఇంట్లో చేయండి. వీళ్ళు పని అయ్యేదాకా మా ఇంట్లో ఉంటారు. ఖర్చు చెరి సగం."

"మన ఇంట్లోనా?" అన్నాడు ఆ రోజు వెంట వచ్చిన డ్రైవరు.

"ముందు గది ఖాళీయేగా" అంది ఆవిడ.

అద్దెకున్నవాళ్ళను ఇంటికి తెచ్చి కూర్చోబెట్టే యజమానురాలిని అతనెక్కడా చూడలేదు, వినలేదు. మొదటి రెండు రోజులూ మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు నర్సు మామగారు చదరంగం బల్ల తీశాడు. అంతే, డ్యూటీ దిగగానే డ్రైవరు పరుగున ఇంటికి చేరేవాడు. ఒక్క ఆటా గెలవలేదు. ఆవిడ మాత్రం కుట్టుపని అవగానే మేడ దగ్గరికి వెళ్ళి, మేస్త్రీ పక్కన చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిలబడేది. పాత సున్నం అంతా గీకించింది. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు డబ్బా మూత తీయనివ్వలేదు. ఆ నెల అద్దె వద్దంది. తన వంతు ఖర్చుకు ఎవరిదో పెద్దింటి కర్టెన్లు రాత్రీ పగలూ కుట్టింది. అతను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.

నర్సువాళ్ళు తిరిగి వెళ్ళిన రోజు మామగారు గోడకు చెంప ఆనించి చూసి, "పొడిగా ఉందమ్మా" అన్నాడు. ఖాళీ చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైనున్న మాస్టారు మోకాళ్ళు తిట్టుకుంటూనే సాయంత్రాలు చదరంగానికి దిగిరావడం మొదలుపెట్టాడు.

డిపోలో ఒక తోటి డ్రైవరు కూడా ఇల్లు కొని అద్దెకివ్వాలనుకుంటూ, "ఎలా మొదలుపెట్టావన్నా? చెప్పు" అని పట్టుకున్నాడు.

"నేనేం మొదలుపెట్టాను? వద్దు వద్దని వెనకాల నడిచాను" అన్నాడతను. "అన్నీ తెలిసి దిగలేదురా ఆవిడ. తెలీనిది తెలీదంది, తప్పైతే తనదంది, మళ్ళీ వెళ్ళి తలుపు తట్టింది. నాకైతే అదే చేతకాదు."

ఆ ఆదివారం పొద్దున అతనే టీ కలిపి తెచ్చి, మిషను పక్కన పెట్టి నిలబడ్డాడు.

"ఏమోయ్, ఇంకో ఇల్లు చూద్దామా?"

ఆవిడ మిషను ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఆమడ దూరం పారిపోయే మనిషేనా ఈ మాట అంటున్నది?"

"అవును."

"ముందు ఈ అప్పు సగమైనా తీరనివ్వండి. తొందరేం లేదు" అని టీ అందుకుంది.