కర్రిదాని నడక

కర్రిది లేవలేదు. బాలస్వామి పందుల గది గచ్చు కడిగి, దాని చెవి వెనక గోకి, బతిమాలి, చివరికి తిట్టి చూశాడు. అది ఒక కన్ను తెరిచి, నీ గోల నాకెందుకన్నట్టు మళ్లీ మూసుకుంది.

నిన్న ఫారంలో పందులకు టీకాలు వేశారు. టీకాకు జ్వరం రావడం మామూలే. ఏది ఎంత తొందరగా తేరుకుంటుందో చూడడమే ఇక్కడి పరిశోధన. ప్రతి పంది చెవికీ ఒక బిళ్ల ఉంది. పంది పడుకున్నా, లేచినా, నడిచినా ఆ బిళ్ల కనిపెట్టి ఆఫీసులో కంప్యూటరుకు చెబుతుంది; పంది తిరిగే కొద్దీ తెరమీద దాని గీత పైకి లేస్తుంది. తొందరగా లేచి తిరిగినవాటిని పిల్లలు పెట్టించడానికి ఉంచుకుంటారు. లేవనివాటిని కోతకు తీసుకెళ్లడానికి సాయంత్రం లారీ వస్తుంది.

తల్లి కింద పడి తోడబుట్టినవన్నీ నలిగిపోతే మిగిలిన ఒక్క పిల్ల కర్రిది. బాలస్వామి సీసాతో పాలు పట్టి బతికించాడు. ఇవాళ దాన్ని లారీ ఎక్కించాల్సి వస్తుందేమోనని అతని బెంగ.

పడుకోవడమంటేనే అతనికి భయం. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల బస్తాలు మోసీ మోసీ ఎడమ భుజం కుంగిపోయింది, మెడ వెనక కాయ కాసింది. ఒక ఎండాకాలం దగ్గుతో మంచం పట్టాడు. లేచి వెళ్లేసరికి కూలీల ముఠాలో అతని చోట ఇంకొకడున్నాడు. "ఒళ్లు కుదుటపడ్డాక చూద్దాంలేరా" అన్నారు, ఏళ్ల తరబడి పక్కన మోసినవాళ్లే. ఎవరూ మళ్లీ చూసింది లేదు.

ఈ పొద్దున అతని ఒళ్లూ కాలిపోతోంది. "ఇవాళొక్కరోజు మానెయ్యరాదా అయ్యా" అంది భార్య రెబెకా. "మానితే మళ్లీ రానిస్తారటే?" అని చొక్కా తొడుక్కుని వచ్చేశాడు.

ఈ పరిశోధన నడిపే పశువుల డాక్టరు శ్రీరమ్య చిన్నపిల్ల, మంచిది.

"బాబాయ్, కర్రిదాని గీత పైకి రావట్లేదు."

"కాస్త పడుకోనిస్తే అదే లేస్తదమ్మా. దాని తీరంతే."

"నాకు మాత్రం ఇష్టమా బాబాయ్? నేను చూడాల్సింది గీతనే కదా" అంటూ ఆఫీసులోకి వెళ్లిపోయింది.

బ్యాటరీలు మార్చేది బాలస్వామే కాబట్టి బిళ్ల ఊడదీయడం అతనికి తెలుసు. కర్రిదాని బిళ్ల తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. చీపురు పట్టుకుని పందుల గదుల మధ్య సందులో నడవడం మొదలుపెట్టాడు. అవతలి కళ్లంలో ఎండబోసిన మిరపకాయల ఘాటుకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గోడ పట్టుకుని దగ్గాడు, మళ్లీ నడిచాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. కూర్చుంటే గీత పడిపోతుందని అన్నం కూడా నిలబడే తిన్నాడు.

"బాబాయ్, మీ కర్రిది లేచిందండీ! భలే తిరుగుతోంది!" అని కిటికీలోంచి కేకేసింది శ్రీరమ్య. బాలస్వామి నవ్వాడు. ఆ నవ్వుతో ఇంకాసేపు నడిచాడు.

ఎండ దిగాక కర్రిది నిజంగానే లేచింది. ఒళ్లు దులుపుకుని మేతకు పోయింది. బిళ్ల తిరిగి పెట్టేద్దామని దాని గదిలోకి వెళ్లాడు బాలస్వామి. ముందు కాస్త ఊపిరి తీసుకుందామని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొలతాడు మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గీత పడిపోయింది. కర్రిది మళ్లీ కూలబడిందనుకుని పరుగున వచ్చింది శ్రీరమ్య. జ్వరంతో మనిషి పొద్దుటినుంచీ కళ్లముందే తిరిగితే పట్టించుకున్నవాళ్లు లేరు, పంది కోసమైతే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. కర్రిది నిలబడి తింటోంది. బాలస్వామిలో ఊపిరి లేదు. మొల దగ్గర బిళ్ల చూసి, సంగతి అర్థమై ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

అయినా మనిషి నడిచిన నడక తన లెక్కలో చేరిన పందిని ఉంచుకోవడం కుదరదు. కళ్లు తుడుచుకుని లారీవాళ్లకు కర్రిదాన్ని చూపించింది. ఆటోలో బాలస్వామిని ఇంటికి పంపారు. కర్రిది ఎవరి సాయమూ లేకుండా బల్లమీదుగా నడిచి లారీ ఎక్కింది.

దాని తొట్టిలో సగం తిన్న తవుడు ఇంకా తడి ఆరలేదు.