సగం కలిమా

అడిగి తెలుసుకోవడమే సరోజన చేసిన తప్పు. అడగకుండా ఉంటే ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ అరబ్బీ మాటను చిలకలా పలికేసి ఊరుకునేది. అర్థం తెలిసిపోయింది కాబట్టే నోరు పిడచకట్టుకుపోయింది.

సరోజన కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. చిలుకూరు నుంచి వచ్చిన హమీదాబీ అనే ముసలామెను పది రోజులుగా ఆమే కనిపెట్టుకుని ఉంది. గుండె జబ్బు, పైగా చెవుడు. చెవికి నోరు ఆనించి మాట్లాడితే తప్ప వినపడదు. ఒళ్లు తుడుస్తూ, పక్క మారుస్తూ సరోజన ఆ చెవిలో ప్రశ్నలు ఊదుతూనే ఉండేది. చిన్నప్పుడు ఊళ్లో పీర్ల పండుగలో ఎగిరిందే తప్ప ఏనాడూ మసీదు గడప తొక్కలేదు మరి.

“పండుకొని మొక్కితే మీ దేవుడు ఒప్పుకుంటడా అమ్మా?”

“నిలబడలేనోళ్లు కూసోని, కూసోలేనోళ్లు పండుకొని, అది గూడ కాకుంటే కండ్లతోటే నమాజు. పానంల ఎంత బలముంటే అంత.”

“మరి బొమ్మ లేకుండ ఎవర్ని సూసి మొక్కుతరు?”

“మనం సూసుడు కాదు బిడ్డా. ఆయన మనల్ని సూస్తున్నడనుకొని మొక్కాలె.”

నమాజుకు రమ్మని మొట్టమొదట అజా పిలుపు ఇచ్చిన బిలాల్ కథ కూడా ఆమే చెప్పింది. ఆయన ఒక బానిస అట. యజమాని మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి రొమ్ము మీద బండ పెట్టించినా “ఒక్కడే, ఒక్కడే” అన్నాడట. సరోజన తండ్రి గరిడేపల్లిలో ఒక పెద్దింట్లో పాలేరుగా జీతం ఉన్నవాడు. ఆ కథను ఆమె రెండుసార్లు చెప్పించుకుని రెండుసార్లూ ఏడ్చింది.

కలిమా సంగతి మాత్రం ఒక్కసారే విన్నది. లా ఇలాహ అంటే దేవుడెవరూ లేరు. ఇల్లల్లా అంటే అల్లా తప్ప. మనసారా ఆ మాట నమ్మి, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త అని ఒప్పుకుంటే ముసల్మాను. చనిపోయేటప్పుడు ఆఖరి మాట అదే కావాలని ప్రతి ముసల్మానూ కోరుకుంటాడు.

“అమ్మో! నేను పలకను తల్లీ. లింగమంతుల స్వామికి మొక్కున్నది నాకు,” అని సరోజన చెవులు మూసుకుంది.

ఆ మొక్కు కోడలు దీప కోసం. రెండుసార్లు కడుపు పోయింది, ఇప్పుడు ఏడో నెల. బిడ్డ దక్కితే గంపెత్తుకుని ఆ స్వామి గుడి ఉన్న పెద్దగట్టు ఎక్కుతానని మొక్కుకుంది. హమీదాబీ బోసినోటితో నవ్వి, “నిన్నెవరు బలవంతం చేస్తున్నరే పిచ్చిదానా,” అంది.

ఆ శుక్రవారం పొద్దున హమీదాబీ తేటగానే కనిపించింది. కొడుకు యాకూబ్ మిర్యాలగూడ రైస్ మిల్లులో మెకానిక్కు. బట్టలు తెచ్చుకుంటానని అక్కడికే వెళ్లాడు. ఒంటిగంట దాటేసరికి ఊపిరి తీరు మారింది. డాక్టరు చూసి, ఇక మన చేతుల్లో లేదు, కొడుకును పిలిపించమన్నాడు. యాకూబ్ బయల్దేరాడు గానీ దారిలో వడ్ల లారీల మధ్య ఇరుక్కుపోయాడు.

“అక్కా, నేనొచ్చేదాక అమ్మ ఉంటదో ఉండదో. చెవిల కలిమా చెప్పాలె. కోదాడల మావోళ్లకందరికి ఫోన్ చేసిన. జుమ్మా నమాజుల ఉన్నరు, ఫోన్లన్ని బందున్నయి,” అన్నాడు ఫోన్‌లో ఏడుస్తూ.

సరోజన ఫోన్‌ను ముసలామె చెవి దగ్గర పెట్టింది. ఆ గరగరకు హమీదాబీ ముఖం చిట్లించి తల తిప్పుకుంది.

“నువ్వే చెప్పక్కా. పలుకుమని అడగొద్దు, మెల్లగ వినిపించు. తనే అందుకుంటది. పలికినంక ఇగ నువ్వేం మాట్లాడకు. నువ్వు మాట్లాడితే తను గూడ మాట్లాడతది. ఆఖరి మాట గదే కావాలె.”

“నేను పలికితే మీలల్ల కలిసినట్టు కాదా యాకూబూ?”

“మనసుల నియ్యత్ లేంది ఒట్టి నోటిమాటతోని ఎవరు ముసల్మాన్ కారక్కా. నీ మనసు నీదే,” అని యాకూబ్ ఫోన్ పెట్టేశాడు.

నియ్యత్ అనే మాట సరోజనకు కొత్తేం కాదు. మాట తప్పని మనిషిని వాళ్ల నాయన నియ్యతున్నోడు అనేవాడు. బుద్ధి సరేనంది, భయం ఒప్పుకోలేదు. ఈ నియ్యతు సంగతి గట్టు మీది స్వామికి ఎవరు చెప్పాలి? లేడన్న నోటితోనే రేపు ఎట్లా మొక్కేది? దీపకు ఏమైనా అయితే కొడుక్కి ముఖం ఎట్లా చూపించేది?

హమీదాబీ కళ్లు తెరిచి ఎవరికోసమో వెతికింది. సరోజన చేయి దొరికితే గట్టిగా పట్టుకుంది. ఇక తప్పదని సరోజన వంగింది.

“లా... ఇలాహ...”

అక్కడే ఆగిపోయింది. దేవుడెవరూ లేరు! ముందుకు పోతే తన స్వామి కోపగిస్తాడు. ఇక్కడే ఆగితే పోయే ప్రాణానికి అసలు ఏ దేవుడూ లేడని చెప్పి పంపినట్టవుతుంది. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంది. ఏ దేవుణ్ణి పిలుస్తున్నదో ఆమెకే తెలియలేదు.

హమీదాబీ పెదవులు కదిలాయి. సరోజన ఆగిన చోటే అందుకుంది.

“ఇల్లల్లా.”

అంతలో సరోజన ఫోన్ మోగింది. దీప. పని వేళ ఎన్నడూ ఫోన్ చేయని పిల్ల. స్వామి దెబ్బ అప్పుడే తగిలిందా అనుకుంది సరోజన. ఎత్తితే మాట్లాడాలి. వినపడకున్నా, తన పెదవుల కదలిక చూసి ముసలామె కూడా ఏదో మాట్లాడుతుంది. ఆగిపోయిన ఫోన్ మళ్లీ మోగింది. సరోజన కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుపు బయటికి రాకుండా, ఆ చేయి వదలకుండా కూర్చుంది. మూడోసారి మోగి ఆగేసరికి హమీదాబీ ఊపిరి కూడా ఆగింది. ఇల్లల్లా తర్వాత ఆమె ఇంకో మాట మాట్లాడలేదు.

ముసలామె కళ్లు మూసి, దుప్పటి సర్ది, సరోజన వరండాలోకి పరుగెత్తి దీపకు ఫోన్ కలిపింది.

“ఏమైందే? నొప్పులా?”

“నొప్పులేంది అత్తమ్మా! గ్యాసాయన బండ తెచ్చిండు. నీ ఫోన్‌కు ఓటీపీ నంబరొచ్చిందట, చెప్పు. పాపం ఎంతసేపు నిలబడతడు?”

సరోజన మెట్ల మీద కూలబడింది. కళ్లనీళ్లలో అంకెలు కనపడక రెండుసార్లు తప్పు చెప్పింది.

మసీదు నుంచి జనం తిరిగొస్తున్న వేళకు యాకూబ్ మెట్లెక్కి వచ్చాడు. ఆమెను చూడగానే అర్థమైంది.

“పలికిందా అక్కా?”

“పలికింది. గదే ఆఖరి మాట. నేను సగమే చెప్పిన యాకూబూ. భయమైంది. మిగిలింది అమ్మనే చెప్పుకున్నది,” అంది సరోజన, నేరం ఒప్పుకున్నట్టు.

యాకూబ్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

“గా సగం లేకుంటే అమ్మ ఏడికెల్లి అందుకుంటుండె అక్కా,” అన్నాడు.